ఎంగిలి పడని గరిటె

ఈమధ్య ఎక్కడ నలుగురు కూర్చున్నా కరోనా రోజుల ముచ్చట్లే. అప్పుడు మనుషులు ఎంత మంచివాళ్ళయిపోయారో, ఒకళ్ళకొకళ్ళు ఎంత ఆసరాగా నిలబడ్డారో అని ఒకటే సంబరం. వింటుంటే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. తెనాలిలో భోజన హోటల్ నడుపుకునే మనిషిని నేను. షట్టరు దించిన రోజు నుంచి మళ్ళీ ఎత్తిన రోజు దాకా ఎవరు ఎవరికి ఆసరా అయ్యారో ఆ షట్టరు వెనకే నించుని చూశాను. అందుకే నా మాట కాస్త కటువుగా ఉంటుంది. నచ్చనివాళ్ళు వెళ్ళి ఆ ముచ్చట్లే చెప్పుకోవచ్చు.

స్టేషన్లో రైలు దిగి నడిచి రాగలిగినంత దూరంలో ఉంటుంది మా హోటల్. టిఫిన్లు లేవు, రాత్రి భోజనాలు లేవు. మధ్యాహ్నం ఒక్క పూట అరిటాకు భోజనం. ముద్దపప్పు, ఒక కూర, ఒక పచ్చడి, పప్పుచారు, గడ్డ పెరుగు. మావయ్య పోయాక కౌంటర్లో మా ఆయన కూర్చుంటాడు. పొయ్యి దగ్గర మా అత్తయ్య. కూరలు తరగడం, వడ్డించడం, గిన్నెలు తోమే మనిషి రాకపోతే ఆ గిన్నెలు తోమడం నా వంతు. నా పుట్టిల్లు రేపల్లె. తెనాలిలో రైలెక్కి ఒక కునుకు తీస్తే రేపల్లె వచ్చేస్తుంది. అయినా అత్తయ్య లెక్కలో నేను పరాయి దేశం నుంచి దిగినదాన్నే.

మా హోటల్లో ఒక కట్టుబాటు ఉంది. మొదటి మనిషి విస్తట్లో చెయ్యి పెట్టేదాకా వంటింట్లో ఎవరూ మెతుకు కూడా నోట్లో వేసుకోకూడదు. ఉప్పు చూడ్డానికైనా సరే. మా పుట్టింట్లో గరిటెతో చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూడటం మామూలు సంగతి. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అదే అలవాటున పప్పుచారు చుక్క అరచేతిలో వేసుకున్నాను. అత్తయ్య చూసింది. గుడ్డలతో ఆ డేగిసా పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకెళ్ళి మొత్తం పారబోసి, అప్పుడు తిరిగింది నా వైపు.

"ఎంగిలి కూడు అమ్ముకునే ఖర్మ మనకింకా పట్టలేదే అమ్మాయ్! ఉప్పుకయ్యల పక్కన పుట్టినదానివి, నీకేం తెలుస్తుంది ఉప్పు? నీదొక నాలుక, దానికొక రుచి! రేపల్లె నాలుక!"

ఆ 'రేపల్లె నాలుక' నా పేరైపోయింది. కూర తరుగు లావైనా అదే మాట, పచ్చడి బండ మీద మిరపకాయ గింజ నలక్కపోయినా అదే మాట. నేనూ మూతి తిప్పుకునేదాన్ని, గిన్నెలు గట్టిగా పడేసేదాన్ని. అంతకు మించి ఏం చేస్తాను?

మరి రుచి చూడకుండా ఆవిడకి ఉప్పు ఎలా తెలుస్తుందంటే, ముక్కుతో. పప్పుచారు తెర్లుతుంటే మూత తీసి, ఆవిరి మొహానికి కొట్టేలా వంగి, ఒక్కసారి గాలి లోపలికి పీల్చేది. "ఇంకాస్త పడాలి" అనేది, లేకపోతే "సరిపోయింది" అనేది. నేను చూసినన్నాళ్ళూ ఆ ముక్కు తప్పు చెప్పలేదు. నాకు ఎంత ఒళ్ళుమంటగా ఉన్నా ఈ మాట ఒప్పుకు తీరాలి.

ఈ ముక్కు సంగతి ఊరంతా చాటింపు వేసింది మా మాస్టారు. ఆయన రిటైరైన లెక్చరరు. రోజూ గోడవార టేబుల్ దగ్గర కూర్చునేవారు. మొదటి ముద్ద నుంచి పెరుగన్నం దాకా తింటూనే ఉపన్యాసం. "అమ్మగారి ముక్కు మహిమ అది! ఎంగిలి పడని వంట! మీది హోటల్ కాదమ్మా, మా ఇల్లు" అనేవారు నాతో. ఆయన ఇంటికి నేనెప్పుడూ వెళ్ళలేదు గానీ, అక్కడ కూడా పప్పుచారు మళ్ళీ మళ్ళీ పోయించుకుని, ఆకు మడవకుండా లేచిపోతారేమో తెలియదు. పొరుగూళ్ళ నుంచి బజారు పని మీద వచ్చేవాళ్ళూ, ఆదివారం చర్చి అయ్యాక పిల్లాపాపలతో వచ్చేవాళ్ళూ కూడా ఆయన చెప్పగా విని, వంటింటి గుమ్మంలోకి తొంగిచూసి, అత్తయ్య ముక్కుకి దణ్ణం పెట్టినంత పని చేసేవాళ్ళు.

కరోనా వచ్చింది, షట్టరు దించేశాం. 'మా ఇల్లు' అన్నవాళ్ళలో ఒక్కరైనా ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగితే ఒట్టు. పైగా మాస్టారు వాట్సప్‌లో వీడియోలు మొదలుపెట్టారు. చొక్కా లేకుండా, మెళ్ళో తువ్వాలుతో, వంకాయ కూర కలుపుతూ. "బయటి తిండి మానేశాక నా ఒంట్లో నలత అంతా పోయింది. హోటల్ తిండి విషంతో సమానం. ఇకనైనా మేలుకుందాం" అని కింద రాశారు. ఆ వీడియో నాకే పంపించారు మహానుభావుడు! ఎవరికి పంపుతున్నారో కూడా చూసుకోలేదో, చూసుకునే పంపారో, నాకిప్పటికీ తెలియదు. వారం తిరక్కుండా అదే మాస్టారు పెరటి గుమ్మం దగ్గర ప్రత్యక్షం. చేతిలో మూత పెట్టిన క్యారేజీ. "అమ్మా, ఎవరూ చూడకుండా కాస్త పప్పుచారు... ఆ వంకాయతో నోరు చచ్చిపోయింది" అన్నారు. పోలీసులు చూస్తే మా మీద కేసు రాస్తారు, ఆయన మీద కాదు. ఆ మాటే అన్నాను. "ఎంతమాటమ్మా, మీరు మా మనుషులు" అన్నారు. అబ్బో, అప్పుడు గుర్తొచ్చాం మనుషులమని!

మా వీధిలో హోటళ్ళన్నీ తలో వేషం కట్టాయి. ఎదురుగా బిర్యానీ హోటలాయన ఆ డేగిసాల మీదే తట్టలు పెట్టి కూరగాయలు అమ్మాడు. మూల మీద ఇడ్లీ బండి ఆయన మాస్కులూ శానిటైజరూ పెట్టాడు. వాళ్ళని నేనేమీ అనను. కడుపు నిండాలి కదా. నాకు మండిందల్లా, ఆ బిర్యానీ ఆయన దగ్గర బేరమాడి టమాటాలు కొంటూ "మీకేమండీ, ఏదైనా అమ్ముకుంటారు" అన్నవాళ్ళని చూసి. జీతాలు బ్యాంకులో పడుతుంటే ఇంట్లో కూర్చుని పళ్ళేలు వాయించినవాళ్ళ మాటలవి.

పార్శిళ్ళు ఇచ్చుకోవచ్చని ఆర్డరొచ్చాక మా ఆయనకి ఊపొచ్చింది. ఒకరోజు ఎవరో ఫోన్ యాప్ తాలూకు కుర్రాణ్ణి తీసుకొచ్చాడు. వాడు పప్పుచారుని ప్లాస్టిక్ డబ్బాలో పోయించి, పక్కన ఒక గులాబీ పువ్వు పెట్టి ఫోటో తీశాడు. పప్పుచారు పక్కన గులాబీ! మొదటి రోజే ఎవడో "ఫోటోలో పువ్వు ఉంది, డబ్బాలో లేదు" అని యాప్‌లో ఒక్క స్టారు ఇచ్చి తిట్టాడు. అంతటితో యాప్ సంబడం తీరిపోయింది. ఫోన్లు చేసి తీసుకెళ్ళేవాళ్ళకే పొట్లాలు కట్టడం మొదలుపెట్టాం.

అత్తయ్యకి పార్శిలంటేనే గిట్టదు. "మనిషి మొహం చూడకుండా ఎట్టా పెడతామే? ఇంకాస్త కావాలో, కడుపు నిండిందో ఎట్టా తెలుస్తుంది?" అనేది. అక్కడితో ఆగితే బాగుండేది. మొదటి మనిషి తినేదాకా మనం తినకూడదు కదా, మరి పొట్లం తీసుకెళ్ళినవాడు ఎప్పుడు తింటాడు? ఇదీ ఆవిడ ప్రశ్న. మొదటి పొట్లం పట్టుకెళ్ళినవాళ్ళకి మా ఆయన చేత ఫోన్ చేయించేది. ఆ మొదటి పొట్లం ఎప్పుడూ మాస్టారిదే.

"మాస్టారూ, తిన్నారా అండి?"

"ఇప్పుడే ఎక్కడయ్యా! సీరియల్ అవ్వాలి, స్నానం చెయ్యాలి, రెండున్నరకి తింటా."

ఆయన స్నానం అయ్యేదాకా మేం ముగ్గురం అన్నం గిన్నె ముందు పెట్టుకుని నీళ్ళు తాగుతూ కూర్చునేవాళ్ళం. ఇంతకన్నా వెర్రి ఎక్కడైనా ఉంటుందా? "ఆయన తిన్నాననే చెప్పాడని అబద్ధం చెప్పండి" అని మా ఆయనతో అంటే, నేనేదో దేవుణ్ణి తిట్టినట్టు నా వైపు భయంగా చూశాడు. తల్లికి తగ్గ కొడుకు.

మాస్కుల దగ్గర ఇంకో రభస. వంటింట్లో కూడా మాస్కు పెట్టుకోవాల్సిందేనని మునిసిపాలిటీ మనిషి వచ్చి చెప్పిపోయాడు. పొయ్యి దగ్గర ఆ మాస్కు పెట్టుకుంటే ఊపిరాడక ప్రాణం విలవిల్లాడేది. నేను తిట్టుకుంటూనే పెట్టుకునేదాన్ని. అత్తయ్య మాత్రం ససేమిరా అంది. "ముక్కు మూసుకుని వంటెట్టా చేస్తారే? గంతలు కట్టుకుని బండి తోలమన్నట్టుంది" అని ఆ మాస్కుని చూరుకి తగిలించింది. ఎవరైనా చూడ్డానికొస్తే నేను అడ్డం నిలబడేదాన్ని.

రెండో విడత కరోనా వచ్చినప్పుడు అత్తయ్యకి జ్వరం వచ్చింది. ఆ రోజులు నేను చెప్పను. ఆసుపత్రిలో మంచం కోసం మా ఆయన ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నాడో, పప్పుచారు పొగిడిన పెద్దమనుషుల ఫోన్లు ఎలా మోగి మోగి ఆగిపోయాయో చెప్పడం మొదలుపెడితే నా నోరు మంచిది కాదు. బతికి బయటపడింది, ఇంటికొచ్చింది. అంతే చాలనుకున్నాం.

ఒకరోజు పొద్దున అత్తయ్య పొయ్యి పక్కన పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. పొయ్యి మీద పాలు. అంగలకుదురు నుంచి వచ్చే చిక్కటి గేదె పాలు, పెరుగు తోడెయ్యడానికి కాస్తున్నాం. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మాడిన వాసన గుప్పుమంది. పరిగెత్తుకొచ్చి చూస్తే పాలు పొంగి, పొయ్యంతా కారి, అడుగంటి నల్లగా మాడిపోతున్నాయి. వీధి చివరికి కూడా తగిలే వాసన అది. అత్తయ్య చేతికందే దూరంలో కూర్చుని తాపీగా గోంగూర వలుస్తోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ తలెత్తి నన్ను చూసింది, తర్వాత పాలు చూసింది. నాకు తెలిసిపోయిందని ఆవిడకి తెలిసింది.

"గుడ్లప్పగించి చూస్తావేంటే? మంట తగ్గించు" అంది.

ఆ గొంతులో ఎప్పుడూ ఉండే కరుకు లేదు. నాకు భయం వేసింది. ఆవిడ తిడుతున్నప్పుడు ఎన్నడూ అంత భయపడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాపట్ల ఆర్డరొచ్చింది. అక్కడ ఒక హాస్టల్‌ని కరోనా వచ్చినవాళ్ళని ఉంచే కేంద్రంగా మార్చారు. వాళ్ళకి మధ్యాహ్నం భోజనాలు పెట్టిస్తానని ఒక దాతగారు ముందుకొచ్చారు. బాపట్లలో వండేవాళ్ళు లేకా? కానీ "తెనాలి నుంచి ఫలానా అమ్మగారి వంట తెప్పిస్తున్నా" అని చెప్పుకుంటే ఆ దర్జాయే వేరు. రోజూ వ్యాను వస్తుంది, పొట్లాలు తీసుకెళ్తుంది. షట్టరు శాశ్వతంగా దించకుండా ఉండటానికి మాకు మిగిలిన ఆధారం అదొక్కటే. మా ఆయన ఎగిరి గంతేశాడు. అత్తయ్య కొంగు బిగించి పొయ్యి దగ్గరికి వచ్చింది.

ఆ రోజు నాకు బాగా గుర్తు. పప్పుచారు తెర్లుతోంది. అత్తయ్య మూత తీసింది, వంగింది, గాలి పీల్చింది. ఇంకా వంగింది. మళ్ళీ పీల్చింది. ఆవిరికి మొహమంతా చెమట పట్టింది. ఉప్పు డబ్బా అందుకుని వేసింది. మళ్ళీ మూత తీసింది, మళ్ళీ వేసింది. నా నోటి దాకా వచ్చింది, "చాలేమో అత్తయ్యా" అని. అంటే 'రేపల్లె నాలుక' అంటుందని మింగేశాను. వ్యాను వెళ్ళిపోయింది.

సాయంత్రం దాతగారి ఫోన్. మా ఆయన స్పీకరు పెట్టాడు.

"ఏంటండి ఇది? మేం సముద్రం పక్కనే ఉంటాం, మీరు మళ్ళీ తెనాలి నుంచి సముద్రం పంపాలా?"

తమాషా ఏంటంటే, తిన్న రోగుల్లో ఒక్కరూ ఏమీ అనలేదట. వాళ్ళకీ వాసనా రుచీ లేవు కదా! ఏం పెట్టినా ఒకటే, పాపం. దాతగారు బ్యానరు ముందు నించుని, పొట్లం అందిస్తున్నట్టు రకరకాల ఫోటోలు తీయించుకుని, ఆకలేసి ఒక పొట్లం విప్పి తాను తిన్నారు. రోగులకని పంపిన దాంట్లోంచి! దానం మీద దానం! ఫోన్లో మాత్రం ధర్మరాజులా మాట్లాడారు. "పేషెంట్ల ప్రాణాలతో ఆటలండీ ఇవి? రేపు కూడా ఇట్టాగే ఉంటే వేరేవాళ్ళకి చెప్పుకుంటా" అని పెట్టేశారు.

మా ఆయన నన్ను కౌంటరు దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మకి ఇంక చాత కావట్లేదు. రేపు కూడా పోతే ఆర్డరు పోయినట్టే. షట్టరు ఫోన్ల షాపు వాళ్ళకి ఇచ్చేద్దాం. అమ్మని ఇంట్లో టీవీ ముందు కూర్చోబెడదాం, రెస్టు తీసుకుంటుంది."

రెస్టట! నాకు ఆవిడ మీద ప్రేమ పొంగిపొర్లిందని అనుకోకండి. అన్నేళ్ళు తిట్లు తిన్నదాన్ని. కానీ పొద్దున లేచి పొయ్యి ముట్టించడానికి తప్ప ఎందుకూ బతకని మనిషి ఆవిడ. ఆవిడని తీసుకెళ్ళి కుర్చీలో పడేసి, చేతికి రిమోట్ ఇస్తే ఎన్నాళ్ళు ఉంటుంది? కరోనా చంపలేని మనిషిని మనం చంపుదామా? నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కోపమొచ్చింది.

ఆ కోపంతోనే పోయి అత్తయ్యని అడిగాను. "రేపు ఒక్క చుక్క నేను రుచి చూస్తానత్తయ్యా. కానివ్వండి."

"నా పొయ్యి దగ్గర ఎంగిలి పడిన రోజే హోటల్ మూసేస్తా. మీ మావయ్య ఉన్నప్పుడు లేదు, ఇప్పుడూ లేదు" అంది. అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఒట్టి మొండిఘటం. ముక్కు పోయినా ఆ ముక్కు మీద కోపం మాత్రం పోలేదు.

మర్నాడు పప్పుచారు తెర్లుతుండగా అత్తయ్య కరివేపాకు కోసుకొస్తానని పెరట్లోకి వెళ్ళింది. నాకు అప్పుడు తట్టింది. మొహానికి మాస్కు ఉంది! నోరు కదిలినా కనపడదు. పెదవి తడిసినా కనపడదు. పుట్టింటి నుంచి మా అమ్మ పెట్టిన ఉగ్గు చెంచా ఒకటి అలమరలో ఉంటే గబుక్కున తీశాను. గరిటెతో ఎత్తి చెంచాలో పోశాను, చెంచా మాస్కు కిందికి పోనిచ్చాను. గరిటెకి మాత్రం నా నోరు తగలనివ్వలేదు. అంత మాత్రం భయం నాకూ ఉంది.

ఉప్పా అది! నాలుక చుర్రుమంది. చెంబుతో వేడినీళ్ళు పోశాను, ఇంకాస్త చింతపండు పులుసు పిండాను, బెల్లం ముక్క వేశాను. మళ్ళీ చెంచా, మళ్ళీ మాస్కు. మూత పెట్టేసి వంకాయలు తరుగుతున్నట్టు కూర్చున్నాను. అత్తయ్య వచ్చింది. మూత తీసింది, వంగింది, గాలి పీల్చింది.

"సరిపోయింది" అంది.

సాయంత్రం దాతగారు ఫోన్ చేసి "అదీ! అదీ అమ్మగారి వంటంటే!" అన్నారు. ఆ రోజు కూడా రోగుల పొట్లం విప్పి తిన్నట్టున్నారు. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అమ్మ ముక్కు తిరిగొచ్చిందే" అన్నాడు నాతో. ఆహా, వచ్చింది, స్టేషన్లో రైలు దిగి నడుచుకుంటూ వచ్చింది అని లోపల అనుకుని, పైకి అవునన్నాను.

అక్కడి నుంచి రోజూ అదే నాటకం. సరిగ్గా పప్పుచారు తెర్లే వేళకి అత్తయ్యకి పెరట్లో ఏదో ఒక పని పడేది. కరివేపాకు, పిల్లిని అదిలించడం, కొళాయి కట్టడం. నా అదృష్టం అనుకున్నాను. నా అంత తెలివైనది తెనాలిలోనే లేదనుకున్నాను. ఒకరోజు నా తెల్ల మాస్కు మీద పసుపు మరక పడింది. అత్తయ్య దాన్ని తేరిపార చూసి, నా మొహం మీంచి లాగి పొయ్యిలో వేసింది. "మురికి మనిషి" అంది. మర్నాటికి తన పాత మెరూన్ రంగు జాకెట్టు గుడ్డతో మాస్కులు కుట్టి నా ముందు పడేసింది. "తెల్లవి మాస్తున్నాయి. ఇవి పెట్టుకో" అంది. కొత్త మాస్కులు కొనడానికి కూడా పిసినారితనమా అని తిట్టుకున్నాను. పెట్టుకున్నాను.

తర్వాత ఆంక్షలు పోయాయి. షట్టరు పూర్తిగా ఎత్తాం, టేబుళ్ళు మళ్ళీ వేశాం, కొలకలూరు నుంచి అరిటాకుల కట్టలు మళ్ళీ దిగాయి. మొదటి రోజు మొదటి మనిషి ఇంకెవరు? మాస్టారే. విషం అన్నది ఆయనే అని ఆయనకైతే గుర్తు లేదు. పప్పుచారు జుర్రుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా మొదలుపెట్టారు.

"చూశారా! అణువంతైనా తేడా లేదు. అమ్మగారి ముక్కు మహిమ! ఈ కాలంలో ఎంగిలి పడని వంట ఇంకెక్కడుందండీ? నాకు తెలిసిపోతుంది, ఒక్క ముద్ద పెట్టగానే తెలిసిపోతుంది."

"ఇంకాస్త పొయ్యనా మాస్టారూ?" అన్నాను.

"పొయ్యమ్మా, పొయ్యి" అన్నారు. మనస్ఫూర్తిగా పోశాను. నేను రుచి చూసిన పప్పుచారుని అరచెయ్యి నాకి మరీ మెచ్చుకున్నారు.

ఊళ్ళో అందరూ మాస్కులు తీసేశారు. నేను తీయలేదు. తీస్తే చెంచా ఎలా పెట్టుకోను? "ఇంకా మాస్కేంటమ్మా, కరోనా నీ ఒక్కదానికే ఉందా?" అని వచ్చినవాళ్ళంతా ఎగతాళి. "పోపు ఘాటు పడట్లేదండి" అనేదాన్ని. మా ఆయన కూడా నవ్వేవాడు. అత్తయ్య ఒక్కతే ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా బాగానే సాగుతుండగా రేపల్లెలో మా అన్నయ్య ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ఆడపడుచు లేకపోతే ఎలా? రాత్రి అక్కడే ఉండక తప్పదు. నాకు నిద్ర పట్టలేదు. "ఆ రెండ్రోజులూ హోటల్ మూసేద్దామత్తయ్యా" అన్నాను.

"మూసింది చాల్లే. నువ్వు లేకపోతే వంట ఆగుద్దా?" అంది.

ఏం చెప్పను? వెళ్ళాను. కొత్త ఇంట్లో పాలు పొంగుతుంటే కూడా నా మనసు తెనాలి పొయ్యి మీదే ఉంది. భోజనాల్లో సాంబారు నోట్లో పెట్టుకోగానే ఉప్పు గుర్తొచ్చి ముద్ద దిగలేదు. ఈ పాటికి మాస్టారు ఆకు ముందు మొహం చిట్లించి ఉంటారు. ఈ పాటికి ఊరంతా చాటి ఉంటారు, పొగిడి ఎత్తడానికి ఎంత గట్టి గొంతో దించడానికీ అంతే కదా. ఈ పాటికి అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉంటుంది. మా వదిన "ఏంటి వదినా, వంట నచ్చలేదా?" అని నొచ్చుకుంది. మర్నాడు పొద్దున రైలుకే బయల్దేరి వచ్చేశాను.

స్టేషన్ నుంచి ఇంటికి కూడా పోలేదు. నేరుగా హోటల్ పెరటి గుమ్మం లోంచి వచ్చాను. ముందు వైపు మా ఆయన టేబుళ్ళు తుడుస్తూ కూనిరాగం తీస్తున్నాడు. నిన్న కొంప మునగలేదన్నమాట. వంటింట్లోకి తొంగిచూశాను.

అత్తయ్య పొయ్యి దగ్గర నించుని ఉంది. మొహానికి మెరూన్ రంగు మాస్కు. ఊరంతా పెట్టుకున్న రోజుల్లో, పోలీసులు తిరిగే రోజుల్లో, చావు గుమ్మం దాకా వచ్చిన రోజుల్లో ముక్కు మూసుకోనని మొండికేసిన మనిషి! ఇప్పుడు, ఎవరి మొహానా మాస్కు లేని రోజున పెట్టుకుంది. కుడిచేతిలో నా ఉగ్గు చెంచా. మాస్కు అంచు తడిగా ఉంది.

అడుగుల చప్పుడికి తిరిగింది. చెంచా దాచలేదు.

"ఏంటే, గుమ్మంలో నిలబడ్డావు? ఆకులు తుడువు, జనం వచ్చే వేళైంది."

"మాస్కేంటత్తయ్యా?" అన్నాను.

"పోపు ఘాటు" అంది.

సంచి అక్కడే దించేశాను. అత్తయ్య గరిటె ముంచింది, ఎత్తింది, ఊదింది. "చెయ్యి పట్టు" అంది. ఏ చేతిలో చుక్క వేసుకున్నానని అప్పుడు డేగిసా డేగిసా పెరట్లో పారబోసిందో, ఆ అరచేతిలో తనే చుక్క వేసింది.

"చూడు" అంది.

నాకాను. కళ్ళు మసకబారాయి గానీ నాలుక మసకబారలేదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఉప్పు కాస్త ఎక్కువైందత్తయ్యా" అన్నాను.

మాస్కు వెనకాల ఆవిడ మొహం ఎలా ఉందో నాకు కనపడలేదు. "రేపల్లె నాలుక" అని గొణిగి, చెంబెడు వేడినీళ్ళు తెచ్చి పప్పుచారులో పోసింది.